పిట్టకిచ్చిన మాట

"అవ్వా, ఫోన్ల రికార్డు పెట్టిన. రేపు కొమురమ్మ పెద్దవ్వ విగ్రహం కాడ నన్ను రెండు మాటలు మాట్లాడమన్నరు. ఆమె ముచ్చట జర చెప్పరాదు."

చెప్త గని, ముందుగాల నువ్వు నేల మీదికెల్లి లేచి మంచం మీద కూసో. ఏడో నెల కడుపు. ఒళ్లు దగ్గర పెట్టుకోవాలె. ఆఁ, గట్ల. ఆ దిండు వీపెనుక పెట్టుకో. నిన్ను మాట్లాడమన్నది ఎవలు? పెద్దపటేలు కొడుకేనా? నాకెర్కనే. మీ నాయిన నిన్నటిసంది ఒక్కటే మురుసుడు, "అమ్మా, మన స్వప్నను స్టేజి మీద కూసోబెడ్తరట" అని. మురవనీ తియ్యి. మురిసేటోన్ని ఎందుకు ఆపాలె.

ఏమని చెప్పాలె ఆమె గురించి? కొమురమ్మ అంటె మీకు ఫోటో. గోడకున్న ఫోటో. నాకు యారాలు గద బిడ్డా. మీ తాత అన్న పెండ్లాం. నేను ఈ ఇంటికి కోడలిగ వచ్చేటాల్లకు ఆమె వచ్చి రెండేండ్లో మూడేండ్లో అయితాంది. వాళ్ల తల్లిగారిది జనగామ దిక్కు, దేవరుప్పుల. అటు అప్పటికే ఆడిపిల్లలు బడికి పోతుండ్రు. ఆమె పది చదివింది. పది అంటె ఇప్పుడు లెక్కనా? అప్పుడు ఈ కొత్తగూడ అడివంత దేవులాడినా పది చదివిన ఆడిది దొరుకకపోతుండె. అందుకే ఊరి బడికి ఆమెనే పంతులమ్మను జేసిండ్రు. నాకు అచ్చరం ముక్క రాదు. బస్సు బోర్డు సదువుడు ఆమెనే నేర్పింది. "ఎల్లవ్వా, అన్ని నేర్వకున్నా మంచిదే, నీ ఊరి పేరు నేర్సుకో, లేకుంటె ఏడ దింపితె ఆడ దిగుతవు" అని. అప్పుడు మానుకోటకు బస్సు టికెటు రూపాయిన్నర. కాదు కాదు, రూపాయే. రూపాయిన్నర తర్వాతయ్యింది, మీ నాయిన పుట్టినంక.

నవ్వితె బజారంత వినవడేటట్టు నవ్వేది. మా అత్త తిట్టేది, "గదేం నవ్వు, కోడలివా పోశమ్మవా" అని. ఆమె ఇంకింత నవ్వేది. ఆ నవ్వు యాదికుంచుకో. తర్వాత నేను మల్ల వినలే.

వాగు ముచ్చట చెప్పకుంటె ఆమె ముచ్చట లేదు. ఎండకాలం నువ్వు చూస్తానవు, మోకాలు సుత తడువదు. నిన్ను మీ నాయిన బండి మీద కూసోబెట్టుకొని జర్రున దాటిచ్చుకొచ్చిండు. మిరుగు కార్తి వడి వానలు మొదలైనంక చూడాలె దాన్ని. ఎర్ర నీళ్లు, చెట్లకు చెట్లు కొట్టుకొస్తయి. పది దినాలు అటోళ్లు అటు, ఇటోళ్లు ఇటు.

శ్రావణమాసం. కొమురమ్మకు తొలుసూరు. పొద్దుగాల నొప్పులు మొదలైనయి. ఊళ్లె మంత్రసాని చూసింది, బిడ్డ అడ్డం తిరిగింది, నా తోని కాదు, దవాఖానకు కొండవోండ్రి అన్నది. మంచం తిరగేసి, కోళ్లకు తాళ్లు కట్టి, నలుగురు మొగోళ్లు భుజం మీద ఎత్తుకున్నరు. మీ తాత ఒక దిక్కు, ఆమె మొగడు మా బావ ఒక దిక్కు. నేను పక్కపొంటి గొంగడి పట్టుకొని ఉరుకుతాన్న. వాగు కాడికి పోయినం. ఏం జెప్పాలె బిడ్డా. ఒడ్డు పైకెల్లి పారుతాంది. అవతల ఒడ్డు మీద ఎడ్లబండి కట్టుకొని మనోళ్లే నిలబడ్డరు, కండ్లకు కనవడుతాండ్రు, కేకేస్తె పలుకుతాండ్రు. వాళ్లు ఇటు రారు, మేం అటు పోం. మంచం ఇసుకల దించినం. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఆ ఇసుకలనే కాన్పయ్యింది. పిలగాడు. ఏడ్వలే. నేను కాళ్లు పట్టి తలకిందులు జేసి వీపు మీద చరిసిన, నోట్ల ఊదిన. ఏడ్వలే.

అక్కడనే ఒడ్డుకు గుంట తీసి పెట్టిండ్రు. అయినంక ఆమె నన్ను అడిగింది. ఏడుసుకుంట కాదు, మామూలుగ అడిగింది. "ఎల్లవ్వా, ఆ ఒడ్డు ఎంత దూరముంటది?" అని. నేనేం జెప్త? "ఓ గొర్లమంద అడ్డం నిలబడ్డంత ఉంటదక్కా" అన్న. "గంతేనా" అన్నది. "గంతే దూరానికి సచ్చిండా నా కొడుకు" అన్నది. ఇగ మల్ల ఆమెకు కడుపు పండలే.

నువ్వు భయపడకు. కండ్లు తుడుసుకో. నీకు జెప్పద్దనే అనుకున్న ఇన్నొద్దులు. గని రేపు నువ్వు మైకు పట్టుకుంటవు గద, తెల్వకుంట మాట్లాడద్దు.

ఆనాటిసంది ఆమెకు ఒక్కటే పట్టు. వంతెన. బడి ఇడిసిపెట్టంగనే ఏదో ఒక ఆఫీసుకు పోయేది. మానుకోట పోయేది, వరంగల్లు పోయేది. ఎండల పోయేది, టిఫిన్ల రొట్టె కట్టుకొని పోయేది. సార్లు లోపలికి రమ్మనకుంటె గడపల కూసునేది. పది మంది ఆడోళ్లను ఏసుకపోయేది, నేను సుత పోయిన. ఒక సారు అన్నడు, "అమ్మా, మీ ఊరికి వంతెన ఏస్తె ఎంత మంది నడుస్తరు?" అని. కొమురమ్మ అన్నది, "నడువనోళ్ల లెక్క జెప్పనా సారూ? వాళ్లు వాగొడ్డుకే పండుకున్నరు."

గప్పుడొచ్చింది ఎలక్షను. ఢిల్లీ సీటు మన కులపోళ్లకు రిజర్వు అయ్యింది. ఇప్పుడున్న పటేలు నాయిన, పెద్దపటేలు, ఆయన చేతులనే ఉండె పార్టీ. ఎవలను నిలబెట్టాలె అని ఆలోచన జేసిండ్రట. ఆడమనిషైతె నోరెత్తది, మన దగ్గరి పంతులమ్మ ఉన్నది, సంతకం ఏడ పెట్టుమంటె ఆడ పెడ్తది అనుకున్నరు. కారేసుకొని వాగు దాక వచ్చి, కారు ఆడ ఇడిసి, పంచె ఎగ్గట్టి, ఇంత దూరం నడిసొచ్చిండు పెద్దపటేలు. ఈ అరుగు మీదనే కూసున్నడు. ఆమె ఒక్కటే అడిగింది, "గెలుస్తె వంతెన ఏస్తరా పటేలా?" "ఎందుకెయ్యమమ్మా, ముందుగాల అదే" అన్నడు. ఏరు దాటేదాక ఓడ మల్లన్న అంటరు సూడు, గట్ల.

గెలిసింది. మా దిక్కు నుంచి ఢిల్లీకి పోయిన ఆడమనిషి ఆమెనే మొదలు. నేను సుత ఒకసారి పోయిన. అబ్బో, ఇల్లు గాదది, కోట. ముందట గడ్డి పెంచుతరు, దేనికీ పనికిరాని గడ్డి, దానికి మల్ల మాలి. ఆమె ఆ గడ్డి తీపిచ్చి పుంటికూర ఏసింది. పచ్చిమిరప ఏసింది. పెద్దపెద్దోళ్లు వస్తె జొన్నరొట్టె, పుంటికూర పెట్టేది. తినేటోళ్లు తినేది, ముక్కు ముడిసేటోళ్లు ముడిసేది.

మాట్లాడితె నవ్వేటోళ్లు. హిందీ మాట్లాడేటోళ్లు నవ్వలే, వాళ్లకు మన మాట తెల్వనే తెల్వది. నవ్వింది తెలుగోళ్లే, అటు కోస్తా దిక్కు నుంచి వచ్చినోళ్లు. ఒకాయన నా ముందటనే అన్నడు, "అమ్మా, మీరు కొంచెం మంచి తెలుగులో మాట్లాడితే బాగుంటుంది" అని. కొమురమ్మ చాయ కప్పు కింద పెట్టింది. "మంచి తెలుగుల అడిగితె వంతెన ఇస్తరా అన్నా? చెప్పుండ్రి, గిప్పుడే నేర్సుకుంట" అన్నది. ఆయన గడ్డి దిక్కు... గడ్డి లేదాయె, పుంటికూర దిక్కు చూసుకుంట కూసున్నడు.

నువ్వు నవ్వుతానవు. నవ్వు. నవ్వేది గంతవరకే ఉన్నది ఈ ముచ్చటల.

వంతెనకు శిలాఫలకం పడ్డది. పెద్దపటేలు, ఎవలో మంత్రి వచ్చి కొబ్బరికాయ కొట్టిండ్రు. ఇగ అయితదనుకున్నం. ఆ రాయి ఇప్పటికున్నది, చాకిరేవు కాడ దాని మీదనే దుప్పట్లు ఉతుకుతరు, నునుపుగ మంచిగుంటది. ఏమయ్యిందంటె, ఢిల్లీల ఏందో చట్టం వచ్చింది. నాకు వివరంగ తెల్వది. పోడు జేసుకునేటోళ్లను అడివిలకెల్లి ఎల్లగొట్టేదట. పార్టీ అందరిని చెయ్యి లేపమన్నది. ఈమె లేపనన్నది. పెద్దపటేలు ఢిల్లీకే ఉరికిండు. "కొమురమ్మా, ఒక్కసారి చెయ్యి లేపు, నీ వంతెన కాయిదం మీద తెల్లారే సంతకమైతది" అన్నడు. ఇది ఆమె నాకు చెప్పిన మాట. ఆమె అన్నదట, "ఊరోళ్లను ఎల్లగొట్టినంక ఆ వంతెన మీద ఎవలు నడువాలె పటేలా?"

లేపలే. వంతెన పోయింది. వచ్చే ఎలక్షన్ల సీటూ పోయింది.

గదే పాడు గాను, ఊరు సుత ఆమె దిక్కు నిలబడలే. నిజం చెప్తాన్న. ఎవల పోడు కోసం ఆమె చెయ్యి లేపలేదో వాళ్లే అన్నరు, "ఢిల్లీల మేడల కూసొని ఏం పీకింది, కండ్ల ముందటి వంతెన చెడగొట్టింది" అని. బోరింగు కాడ ఆమె ముందటనే అన్నరు. ఆమె బిందె ఎత్తుకొని వచ్చేది. నేను కొట్లాడేదాన్ని, ఈ నోరు ఊకుంటదా? ఆమె అనేది, "ఊకో ఎల్లవ్వా, వాళ్లు అడుగవట్టిండ్రు. ఇన్నొద్దులు అడుగుడే రాకపాయె." గట్ల అనేది గని, నాకు తెలుసు, ఆమె లోపట కుమిలింది. మా బావ సుత గప్పుడే పోయిండు. ఒక్కతే అయ్యింది.

ఏం జెయ్యలేదా అంటె, చేసింది. మీ అమ్మ చదివిన ఆడిపిల్లల హాస్టలు ఆమె తెచ్చిందే. నువ్వు నర్సు చదివి నౌకరి జేస్తానవంటె దాని వేరు ఆడున్నది. గని ఆమెకు అవేవీ ఆనలే. ఆమె కండ్లకు ఆ ఒడ్డే.

ఆఖరుకు మంచాన పడ్డది. కాళ్లు ఉబ్బినయి, ఆయాసం. ఎండకాలమే, ఇగో, ఇట్లాంటి ఎండలే. నన్ను పిలిసి అన్నది, "ఎల్లవ్వా, మిరుగు రాకముందే నన్ను వాగు దాటియ్యి. వాన పడ్డంక నన్ను మంచం మీద మోసుకపోయి ఆ ఇసుకల దించుతరు. నేను మల్ల ఆ ఇసుకల పండుకోను." సూడు బిడ్డా. పార్లమెంటుల కూసున్న మనిషి. వాన పడితె తన ఊళ్లె సచ్చుడు సుత తన చేతుల లేదు. వాళ్ల తమ్ముడు వచ్చి దేవరుప్పుల తీస్కపోయిండు, జనగామ దవాఖానల చూపిచ్చిండు. వానలు పడ్డంక ఆడనే పోయింది.

ఎక్కడోళ్లక్కడ మట్టి కావాలె గద. పీనుగును తెచ్చిండ్రు. వాగు అవతల ఒడ్డు దాక బండి వచ్చింది. ఎనుక కార్లు. వాగు రొమ్ముల మట్టం పారుతాంది. లీడర్లందరు ఆ ఒడ్డుకే దండలేసి, దండం పెట్టి, ఫోటోలు దిగి నిలబడ్డరు. ఒక్కడంటె ఒక్కడు నీళ్లల్ల దిగలే. మన పిలగాండ్లు పాడెను రెండు చేతులతోని నెత్తి మీదికి లేపి పట్టుకొని దాటిచ్చిండ్రు. బోరింగు కాడ తిట్టినోళ్లే, పోడోళ్లే మోసిండ్రు, ఏడ్సుకుంట మోసిండ్రు. మీ నాయిన తలకొరివి పెట్టిండు. పిల్లలు లేరు గద ఆమెకు.

ఇగ పిట్టకు పెట్టుడు. మొగుళ్లపల్లిల మీ అత్తగారోళ్లు ఎట్ల జేస్తరో గని, మనకైతె వాగొడ్డుకే. సచ్చినోళ్లకు ఇష్టమైనయన్ని వండి మోదుగాకు విస్తర్ల పెట్టి దూరం జరుగుతం. కాకి వచ్చి ముడితె, పోయినోళ్లు తృప్తిగ పోయినట్టు. ముట్టకపోతె ఏదో కోరిక మిగిలిపోయిందని. గప్పుడు అయినోళ్లు ఒకలెనుక ఒకలు ముందటికొచ్చి మాటియ్యాలె. నీ బిడ్డ పెండ్లి నేను జేస్త, నీ ముసలిదాన్ని నేను చూసుకుంట, అని. ఏ మాట కోసం ఆగిందో ఆ మాటకు పిట్ట దిగుతది. పిట్ట ముట్టనిది ఎవలూ తినరు.

ఆ దినం వాగు నీళ్లు తగ్గినయి. లీడర్లందరు వచ్చిండ్రు. పెద్దపటేలు అప్పటికి లేడు, కొడుకొచ్చిండు, ఇప్పుడున్నాయన. నేను జొన్నరొట్టె, పుంటికూర, గిలాసల చాయ పెట్టిన. వాళ్లు బిర్యాని తెచ్చిండ్రు, మిఠాయి తెచ్చిండ్రు. ఆమె ఏనాడు తిన్నది మిఠాయి?

కాకులు చెట్టు మీద ఉన్నయి. చూస్తానయి. దిగుతలేవు. ఎండ ముదిరింది. లీడర్లు గడియారాలు చూసుకుంటాండ్రు, వాళ్లకు ఇంకేడనో మీటింగట. పార్టీ పిలగాడొకడు కోడిగుడ్డు తీసి కాకుల దిక్కు ఇసిరి "కావ్ కావ్" అని పిలుస్తాండు. నాకు తిక్క లేసింది. కొమురమ్మ తమ్ముడు పోయి మొక్కిండు, దిగలే. మీ నాయిన పోయి "పెద్దమ్మా, ఏడాదికోపాలి నీ పేర బియ్యమిస్త" అన్నడు, దిగలే. పటేలు కొడుకు లేచిండు. "అక్కా, నీ విగ్రహం పెట్టిపిస్త" అన్నడు. ఒక్క కాకి రెక్క సుత కదుపలే. "బడికి నీ పేరు పెట్టిపిస్త" అన్నడు. ఊఁహూఁ.

నాకు తెలుసు గద బిడ్డా. నాకు కాక ఎవలకు తెలుసు. నేను లేచి పోయి పటేలు కొడుకు ముందట నిలబడ్డ. "పటేలా, అది విగ్రహం కాడ ఆగలే. వంతెన కాడ ఆగింది. ఆ మాట చెప్పు" అన్న. జర నవ్విండు ముందు. చుట్టూత ఫోన్లు పట్టుకొని ఉన్నరు, ఊరంత చూస్తాంది. ఇగ తప్పదని విస్తరి కాడికి పోయి చేతులు జోడిచ్చి గట్టిగ అన్నడు, "అక్కా, మల్ల వానకాలం లోపట నీ వంతెన ఏపిస్త. నా తోడు, మా నాయిన తోడు" అని.

దిగింది. ఒక్క కాకి, చెట్టు మీదికెల్లి సీదా దిగింది. బిర్యాని దిక్కు చూడలే. రొట్టె ముక్క తీసుకున్నది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. పిట్ట కాడ ఎవలన్న చప్పట్లు కొడ్తరా స్వప్నా? కొట్టిండ్రు. ఫోటోలు తీసుకొని కార్లెక్కి పోయిండ్రు. నేను ఆడనే కూసొని కండ్లారా ఏడ్సిన, అక్కా, నీ కోరిక తీరిందే అని. నేను సుత నమ్మిన. బతికున్నోనికి ఇచ్చిన మాట తప్పేటోన్ని చూసిన గని, పిట్టకిచ్చిన మాట తప్పేటోన్ని ఏడ చూసిన?

అప్పుడు నువ్వు మూడో నాలుగో చదువుతానవు. ఇప్పుడు కడుపుతోని ఉన్నవు. ఎన్ని వానకాలాలు పోయినయో నువ్వే లెక్క పెట్టుకో. పోయి అడిగితె ఒకసారి అడివి శాఖోళ్లు ఒప్పుకుంటలేరంటడు, ఒకసారి సర్కారు మారిందంటడు. ఆ రాయి మీద దుప్పట్లు ఉతుకుతనే ఉన్నరు.

ఆ కాకి దిగకపోతెనే మంచిగుండేది అనిపిస్తది నాకు. ఆకలితోని ఉంటె ఆమె ఇంకా అడుగుతుండేది. పోయినంక సుత వానిని ఇడువకపోయేది. గా ఒక్క మాటతోని ఆమెను తృప్తి జేసి సాగదోలిండ్రు. బతికున్నప్పుడు ఎవలికీ మోసపోని మనిషి, సచ్చినంక మోసపోయింది.

మొన్న విగ్రహం దింపుతాంటె పోయి చూసిన. నీకు తెల్వది గావచ్చు, దాన్ని ఊళ్లె పెడ్దామనే తెచ్చిండ్రు. లారీ వాగుల దిగితె ఇసుకల దిగవడ్తదని డ్రైవరు రానన్నడు. అందుకే అవతల ఒడ్డుకు, రోడ్డు మీద పెట్టిండ్రు. మొకం రోడ్డు దిక్కు, కార్లల్ల పోయేటోళ్లకు కనవడాలె గద. మన ఊరికి వీపు. మల్ల బొమ్మకు చెయ్యి లేపి పెట్టిండ్రు బిడ్డా. ఏ చెయ్యి లేపనందుకు ఆమె బతుకంత పోయిందో, గా చెయ్యే లేపి పెట్టిండ్రు.

రేపు నిన్ను ఏమనుమంటరో నాకు తెలుసు. "మా పెద్దవ్వ కలను పటేలు సారు నిజం జేస్తాండు" అనుమంటరు. అంటవో, అననంటవో నీ ఇష్టం, చదువుకున్నదానివి. నేనైతె ఒక్కటే చెప్త. అది సచ్చిన మనిషి ముందట మాట్లాడుడు. ఆమె ఒకపాలి నమ్మి పోయింది. మన ఇంటి పిల్ల నోటితోని ఆమెను రెండోపాలి నమ్మియ్యకు.

ఇంకొకటి. మీ నాయినకు నేను చెప్త. తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల కావాలె, అది ఆనవాయితి, నిన్ను అందుకే తెచ్చిండు. ఏ ఊరికైనా ఉంటది బిడ్డా ఆ ఆనవాయితి. మన ఊరికి లేదు. కొమురమ్మ కాన్పు అయిన కాడికెల్లి ఈ ఊరి ఆడబిడ్డకు వానకాలం తల్లిగారు లేరు. మొగుళ్లపల్లిల మీ ఇంటి ముందటికే అంబులెన్సు వస్తది. నీ మొగనికి ఫోను జెయ్యి, వచ్చి తీస్కపొమ్మను. నాకు నీ బిడ్డను ఈ చేతులతోని తానం పోసి సాంబ్రాణి ఏయాలని లేదా? ఉన్నది. మస్తుగున్నది. ఏం జేస్త.

దగ్గరికి రా. నీ కడుపు సల్లగుండ. కొడుకో బిడ్డో, కేర్‌మని ఏడువాలె, గదొక్కటి చాలు నాకు. నూరేండ్లు బతుకు... రేపు ఆ బొమ్మ కాడ దండం పెట్టి, గట్నే అటు దిక్కు నుంచే పో. మల్ల ఇటు రాకు. మిరుగు రాకముందే వాగు దాటు బిడ్డా.